తీయడం, తీసేయడం: కాలేజీలో ఫొటోగ్రఫీ, వీడియో ఆర్ట్ చదవడం ఎలా

ఫొటోగ్రఫీ చదువుదామనుకునేవాళ్లు నన్ను మొదట అడిగే ప్రశ్న "ఏ కెమెరా కొనాలి?" దానికి వెంటనే జవాబు చెప్పను. "పోయిన నెల తీసిన ఫొటోల్లో ఎన్ని తీసేశారు?" అని తిరిగి అడుగుతాను. చాలామంది తెల్లమొహం వేస్తారు. తీసినవన్నీ ఫోన్‌లోనే ఉంటాయి. అవే మెట్లు, అదే ఎండ, పద్నాలుగు ఫొటోలు. ఆ పద్నాలుగింటిలో ఏది ఉండాలి, మిగతా పదమూడు ఎందుకు పోవాలి అన్నది నోటితో చెప్పగలగడమే ఈ చదువులో ముప్పాతిక వంతు. మిగిలిన పావు వంతు యంత్రాలు, రసాయనాలు, కేబుళ్లు. మన భాషలో ఫొటో "తీయడం", పనికిరానిది "తీసేయడం" రెండూ ఒకే మాటలోంచి రావడం నాకు భలే నచ్చుతుంది.

నేను ఈ కోర్సు చదివాను. తర్వాత కొన్నేళ్లు విద్యార్థుల పనులు చూస్తూ గడిపాను. కింద రాసినవి ఆ రెండు వైపుల నుంచీ తెలిసినవి.

1. బ్రోషర్ పక్కన పెట్టి, సామాన్ల గది చూడండి

దాదాపు ఒకే పేరుతో మూడు రకాల చదువులు నడుస్తుంటాయి. ఒకటి ప్రకటనలు, ఫ్యాషన్, వస్తువుల ఫొటోలు తీసి బతకడం నేర్పేది. రెండోది వార్తలు, డాక్యుమెంటరీ వైపు వెళ్లేది. మూడోది ఫైన్ ఆర్ట్స్ విభాగంలో ఉండేది. ఫొటోని, వీడియోని అక్కడ చిత్రలేఖనం, శిల్పం లాగా ఒక కళా మాధ్యమంగా చూస్తారు. సిలబస్‌లో "వీడియో ఆర్ట్" అనే మాట కనిపిస్తే అది చాలావరకు ఈ మూడోదే. మూడింట్లో ఏదీ తక్కువది కాదు. కానీ ఒకదాని కోసం వచ్చి ఇంకోదాంట్లో ఇరుక్కుంటే ఉన్నన్నాళ్లూ కోర్సుతో గొడవే.

వీలైతే కాలేజీకి స్వయంగా వెళ్లి ఈ ప్రశ్నలు అడగండి. కెమెరాలు, లైట్లు, ప్రొజెక్టర్లు విద్యార్థులకు ఎన్ని రోజులకు ఇస్తారు? ఫిల్మ్ కడిగి ప్రింట్లు వేసే చీకటి గది, అంటే డార్క్‌రూమ్, నిజంగా నడుస్తోందా, లేక పాత కుర్చీలు పడేసే గది అయిపోయిందా? విద్యార్థుల పనిని గోడ మీద పెట్టి అందరూ కలిసి మాట్లాడుకునే క్రిటిక్ ఎన్నాళ్లకోసారి జరుగుతుంది? ఒక్కొక్కరికి ఎన్ని నిమిషాలు వస్తాయి? నిరుడు చివరి సంవత్సరం వాళ్లు ఏం ప్రదర్శించారు?

చివరి ప్రశ్నకు జవాబుగా ఎవరైనా మిమ్మల్ని ఒక గదిలోకి తీసుకెళ్లి పని చూపిస్తే మంచి గుర్తు. అన్నీ ఒకే చేత్తో తీసినట్టు కనిపిస్తే జాగ్రత్త పడండి. అక్కడ మాస్టారి అభిరుచిని నేర్పుతున్నారు, చూడటాన్ని కాదు.

2. పోర్ట్‌ఫోలియో: అరవైలోంచి పదిహేను

కాలేజీ ఎన్ని అడిగితే అన్నే పంపండి. సంఖ్య చెప్పకపోతే పదిహేను నుంచి ఇరవై చాలు.

కాకి పిల్ల కాకికి ముద్దు. ఫొటోల విషయంలో ఈ ముద్దు ఎక్కువగా కష్టం మీద పుడుతుంది. తెల్లవారుజామున లేచి, కొండెక్కి, చలికి వణుకుతూ తీశామని మనకు తెలుసు. చూసేవాళ్లకు అది ఇంకో సూర్యోదయం, అంతే. మీ కష్టం ఫొటోలో కనిపించదు. అందుకని ఎంపిక ఇలా చేయండి.

మీకు పనికొస్తాయనిపించిన ఓ అరవై ఫొటోలు పోస్ట్‌కార్డు సైజులో, మామూలు ప్రింట్లుగా వేయించండి. నేల మీద పరిచి, ఆ రోజుకు ముట్టుకోకండి. అటూ ఇటూ నడుస్తూ చూడండి. మర్నాడు ఒకేలా ఉన్నవాటిని జతలుగా పెట్టి, ప్రతి జతలో ఒకటి తీసేయండి. ఇంకా అనుమానం ఉన్నవాటిని బోర్లా తిప్పండి. మూడో రోజు, తిప్పి చూడకుండానే అందులో ఏముందో చెప్పగలిగితే ఉంచండి. తీసిన మీకే గుర్తు రాకపోతే, ఒకే రోజు వందమంది పనులు చూసేవాళ్లకు ఏం గుర్తుంటుంది?

స్క్రీన్ మీద ఈ పని కుదరదా అంటే కుదురుతుంది, కానీ బాగా కుదరదు. స్క్రీన్ ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తుంది. నేల మీద అన్నీ ఒకేసారి కనిపిస్తాయి, ఏది దేనితో మాట్లాడుతోందో తెలుస్తుంది.

మిగిలిన పదిహేనులో కనీసం ఐదారు ఒకే విషయం మీద ఉండాలి. ఒక అబ్బాయి ఇంటర్వ్యూకు ఇరవై ప్రకృతి దృశ్యాలు తెచ్చాడు. నదులు, మేఘాలు, అన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఫోల్డర్ వెనక జేబులో ఇంకో నాలుగు చిన్న ప్రింట్లు ఇరికించి ఉన్నాయి. బస్సు కిటికీ అద్దాల మీద నిద్రపోయినవాళ్ల తలలు మిగిల్చిన జిడ్డు మచ్చలవి. వెనక నుంచి ఎండ పడి ఒక్కో మచ్చ ఒక్కో ముఖంలా ఉంది. "ఇవేంటి?" అని అడిగితే, "ఊరికే తీశానండి, ఫోన్‌తో" అన్నాడు. ఆ తర్వాత ఇంటర్వ్యూ అంతా ఆ నాలుగింటి గురించే నడిచింది.

వీడియో పెట్టేట్టయితే రెండు మూడు నిమిషాలు మించనివ్వకండి. అందమైన షాట్లన్నీ కలిపి కింద పాట వేసిన ముక్క వద్దు. పాట తీసేసి చూడండి, ఇంకేం మిగలకపోతే ఆ వీడియో పాటదే, మీది కాదు. పని గురించి రాసే నాలుగు మాటల్లో ఏం తీశారు, ఎక్కడ నిలబడి తీశారు, ఎన్నాళ్లు తీశారు అన్నవి రాయండి. "చిన్నప్పటి నుంచి నాకు కెమెరా అంటే ప్రాణం" అన్న వాక్యం అందరూ రాస్తారు.

3. మొదటి ఆరు నెలలు: ఒక కెమెరా, ఒక లెన్స్

ఇప్పుడు కెమెరా సంగతి. మాన్యువల్‌గా నడిపే వీలుండి, రా ఫైళ్లు (కెమెరా తన మార్పులు చేయకుండా దాచేవి) ఇచ్చే పాత కెమెరా ఏదైనా సరిపోతుంది. దానికి జూమ్ లేని ఒక లెన్స్ తగిలించండి. జూమ్ ఉంటే నిలబడ్డ చోటే నిలబడి దృశ్యాన్ని దగ్గరకు లాక్కుంటాం. లేకపోతే మనమే నడవాలి. నడిస్తే వెనక ఉన్న గోడ, పక్కనున్న స్తంభం అన్నీ జరుగుతాయి. ఫ్రేమ్ కట్టడం అక్కడ మొదలవుతుంది. డబ్బు మిగిలితే బలమైన ట్రైపాడ్ కొనుక్కోండి.

ఎక్స్‌పోజర్, అంటే ఫొటోకు ఎంత వెలుగు అందాలన్న లెక్క, చూడగానే టెన్షన్ పెడుతుంది గానీ, అపర్చర్ (లెన్స్‌లో వెలుగొచ్చే రంధ్రం) అంకెల్లో ఒక కిటుకు ఉంది. 1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16. ఒకటి వదిలి ఒకటి చదవండి: 2, 4, 8, 16. మిగతావి 1.4, 2.8, 5.6, 11. రెట్టింపవుతూ పోయే రెండు వరసలు, అంతే. ఒక్కో మెట్టు ముందుకు వెళ్తే లోపలికొచ్చే వెలుగు సగమవుతుంది. వెలుగును క్షణకాలం లోపలికి వదిలే షట్టర్ వేగం రెట్టింపు చేసినా సగమే అవుతుంది. ఐఎస్ఓ, అంటే వెలుగుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె, రెట్టింపు చేస్తే ఫొటో రెండింతలు ప్రకాశవంతం అవుతుంది. మూడూ ఒకే తక్కెడలో తూకాలు.

కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ చూడకుండా ఊహించడం అలవాటు చేసుకోండి. మంచి ఎండలో అపర్చర్ 16 దగ్గర పెడితే, షట్టర్ వేగం ఐఎస్ఓ అంకెకు దగ్గరగా ఉండాలి. ఐఎస్ఓ 100 అయితే సెకనులో వందో వంతు. ఫిల్మ్ రోజుల నుంచి వస్తున్న లెక్క ఇది, ఇప్పటికీ తప్పదు.

ఇక అభ్యాసం. మీ గదిలో ఒక కుర్చీ, ఒక కిటికీ ఎంచుకోండి. కెమెరా కదపకుండా ఉదయం నుంచి చీకటిపడేదాకా గంటకో ఫొటో తీయండి. మర్నాడు కుర్చీని కిటికీకి దగ్గరగా, తర్వాత రెండింతల దూరంలో, నాలుగింతల దూరంలో పెట్టి తీయండి. చిన్న దీపం నుంచి దూరం రెండింతలైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుందని పుస్తకంలో ఉంటుంది. పెద్ద కిటికీ నుంచి అంత త్వరగా పడిపోదు. ఎందుకు పడిపోదో కుర్చీని జరుపుతూ మీరే కనుక్కుంటే ఇక మర్చిపోరు.

4. డార్క్‌రూమ్ ఉంటే వదలొద్దు

"మొత్తం డిజిటల్ అయిపోయాక ఇంకా ఈ రసాయనాలెందుకు?" అని ప్రతి బ్యాచ్‌లో ఒకరు అడుగుతారు. నా మటుకు నాకు సహనం నేర్పింది ఆ ఎర్ర దీపమే. సహనం మాట అటుంచినా, అక్కడ నేర్చుకునే టెస్ట్ స్ట్రిప్ ఒక్కటి చాలు, జీవితాంతం పనికొస్తుంది.

బొమ్మను పెద్దది చేసి కాగితం మీదికి వేసే ఎన్‌లార్జర్ కింద నెగెటివ్ ఫోకస్ చేస్తారు. ప్రింటింగ్ కాగితం పూర్తి షీటు వాడకుండా వేలి వెడల్పు ముక్క కోస్తారు. ఆ ముక్కను, ఫొటోలో ముఖ్యమైన చోటు, అంటే ముఖమో చెయ్యో, పడే దగ్గర ఉంచుతారు. ముందు మొత్తం ముక్క మీద ఐదు సెకన్లు వెలుగు పడనిస్తారు. తర్వాత అట్టముక్కతో ఐదో వంతు కప్పి ఇంకో ఐదు సెకన్లు. అట్ట ఇంకొంచెం జరిపి ఇంకో ఐదు. చివరికి ఒకే ముక్క మీద 5, 10, 15, 20, 25 సెకన్ల చారలు ఉంటాయి. కానీ కంటికి ఏమీ కనిపించదు, తెల్ల కాగితమే.

దాన్ని డెవలపర్ ట్రేలో వేసి, ట్రేను మెల్లగా ఊపుతుంటే పదిహేను ఇరవై సెకన్లకు ఒక అంచు నల్లబడటం మొదలవుతుంది. ఇక్కడే అందరూ చేసే తప్పు: నల్లబడుతోందని కంగారుపడి ముందే బయటకు లాగేస్తారు. లాగకండి. పూర్తి సమయం ఉంచండి. ప్లాస్టిక్ పూత ఉన్న కాగితానికి నిమిషం, నిమిషంన్నర. తర్వాత డెవలపర్ పనిని ఆపే స్టాప్ బాత్, ఆపైన బొమ్మను స్థిరపరిచే ఫిక్సర్. ఫిక్సర్ అయ్యాకే తెల్ల లైటు వేసి చూడండి. ఎర్ర దీపం కింద ప్రతి ప్రింటూ ఉన్నదానికంటే నల్లగా కనిపించి మోసం చేస్తుంది. ఆరాక మళ్లీ కొంచెం ముదురుతుంది, అది ఇంకో మోసం.

అప్పుడు ఆ ఐదు చారలు చూసి, "పదిహేనులో చెంప బాగుంది, కానీ చొక్కా ముడతలు ఇరవైలోనే కనిపిస్తున్నాయి" అని నిర్ణయించుకోవాలి. కంప్యూటర్‌లో స్లైడర్ అటూ ఇటూ లాగుతూ ఎంతసేపైనా నిర్ణయం వాయిదా వేయొచ్చు. ఇక్కడ కాగితం అయిపోతుంది. డిజిటల్ ప్రింట్ తీసేటప్పుడు కూడా ఇదే పద్ధతి పాటించండి: పెద్ద ప్రింట్ వేయించే ముందు ముఖ్యమైన భాగాన్ని చిన్న ముక్కగా, నాలుగు రకాల వెలుగుల్లో వేసి చూడండి.

ఆరు వేల బై నాలుగు వేల పిక్సెళ్ల ఫైల్ అంగుళానికి 300 చుక్కల చొప్పున ఇరవై అంగుళాల వెడల్పు ప్రింట్ ఇస్తుంది. అంతకంటే పెద్దది చేయొచ్చు, జనం దూరం నుంచి చూస్తారు కాబట్టి. కానీ పెద్దది చేస్తే మంచిదైపోదు.

5. వీడియో ఆర్ట్ అంటే చిన్న సినిమా కాదు

ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. కథ, హీరో, చివర్లో మలుపు ఉన్న షార్ట్ ఫిల్మ్ తీసుకొచ్చి వీడియో ఆర్ట్ క్లాసులో పెడతారు. సినిమా మిమ్మల్ని సీట్లో కూర్చోబెట్టి మొదటి నుంచి చివరిదాకా తీసుకెళ్తుంది. వీడియో ఆర్ట్ ఉన్న గదిలోకి మనిషి మధ్యలో వస్తాడు, నిలబడతాడు, ఎప్పుడంటే అప్పుడు వెళ్లిపోతాడు. కాలం, తెర, గది, చూసేవాడి ఒళ్లు, ఇవన్నీ అందులో ముడిసరుకే.

కొంచెం చరిత్ర తెలిస్తే ఈ తేడా త్వరగా పట్టుబడుతుంది. 1963లో కొరియాలో పుట్టిన కళాకారుడు నామ్ జూన్ పైక్ జర్మనీలోని వుప్పర్టాల్‌లో ఒక గ్యాలరీలో టీవీ సెట్లను పాడుచేసి, బొమ్మను వంచి, వాటినే ప్రదర్శనకు పెట్టాడు. 1967లో సోనీ పోర్టాపాక్ వచ్చాక ఒక్క మనిషి మోసుకెళ్లగలిగే వీడియో పరికరం కళాకారుల చేతికి దొరికింది. స్టూడియో అక్కర్లేదు, పెద్ద సిబ్బంది అక్కర్లేదు. అమెరికా కళాకారిణి జోన్ జోనాస్ 1972లో చేసిన "వర్టికల్ రోల్"లో టీవీ బొమ్మ ఆగకుండా నిలువుగా దొర్లుతూనే ఉంటుంది. ఇంట్లో టీవీకి అలా అయితే నాలుగు తగిలించి సరిచేస్తాం. ఆమె ఆ లోపాన్నే తాళంగా చేసుకుని దాని ముందు ఆడింది. పైక్ 1974లో ఒక బుద్ధ విగ్రహం ఎదురుగా కెమెరా, టీవీ పెట్టాడు. బుద్ధుడు తన ప్రత్యక్ష ప్రసారాన్ని తానే చూసుకుంటూ ఉంటాడు. అందులో కథ లేదు, ముగింపు లేదు. రికార్డింగ్ కూడా లేదు. అయినా కాసేపు అక్కడే నిలబడిపోతాం.

ఈ అభ్యాసాలు వరసగా చేయండి.

మొదటిది: ఐదు నిమిషాల ఒక్క షాట్. కెమెరా కదలదు, కట్ ఉండదు, ఫ్రేమ్‌లో ఒకే ఒక్క పని జరగాలి. ముడి విప్పడం, ఐసు కరగడం, ఎవరో రాకపోవడం. రెండో నిమిషంలో మీకే విసుగొస్తుంది. ఆ విసుగు దాటాక నాలుగో నిమిషంలో ఏం కనిపించిందో రాసుకోండి.

రెండోది: అదే షాట్‌ను ముప్పై సెకన్లకు కుదించండి. ఏం పోయింది?

మూడోది: చివరి ఫ్రేమ్ మొదటి ఫ్రేమ్‌కు అతుక్కునేలా లూప్ చేయండి. ఎక్కడ మొదలైందో చూసేవాళ్లకు తెలియకూడదు. ఇది చెప్పినంత తేలిక కాదు. వెలుగు మారిపోతుంది, మబ్బు వస్తుంది, జుట్టు కదులుతుంది.

సాంకేతికంగా ఒక చిక్కు ముందే చెప్పేస్తాను. సెకనుకు 25 ఫ్రేములు తీస్తే షట్టర్ మామూలుగా సెకనులో యాభయ్యో వంతు పెడతారు, కదలిక కంటికి సహజంగా ఉంటుంది. 50 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట లైట్లు మిణుకుమనకుండా కూడా అదే కాపాడుతుంది. 60 హెర్ట్జ్ ఉన్నచోట అరవయ్యో వంతు. కానీ ఎండలోకి వెళ్లగానే ఇబ్బంది మొదలవుతుంది. ఐఎస్ఓ 100, అపర్చర్ 16 పెట్టినా యాభయ్యో వంతు దగ్గర ఒక మెట్టు వెలుగు ఎక్కువే. మీకు వెనకభాగం మసకగా, అపర్చర్ 4 దగ్గర కావాలంటే ఇంకో నాలుగు మెట్లు. మొత్తం ఐదు మెట్ల వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ కావాలి. మూడో సెక్షన్‌లోని లెక్క ఇందుకే నేర్చుకోమన్నది.

6. శబ్దం

బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం చూస్తారు. శబ్దం గరగరలాడితే గదిలోంచి వెళ్లిపోతారు. కెమెరా మైకును నమ్ముకోకుండా విడి రికార్డర్ వాడండి. రికార్డర్ సెట్టింగు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టండి. గట్టి శబ్దాలు రికార్డర్ మీటర్ మీద మైనస్ 12 డెసిబెల్స్ చుట్టుపక్కల ఆగేలా చూసుకోండి. షూటింగ్ అయ్యాక అందర్నీ కదలకుండా నిలబెట్టి, ఆ గది నిశ్శబ్దాన్ని ఒక నిమిషం రికార్డు చేయండి. ప్రతి గది నిశ్శబ్దం వేరు. ఎడిటింగ్‌లో అతుకులు కప్పేది ఆ నిమిషమే. మొదటిసారి అలా నిలబెట్టినప్పుడు ఎవరో ఒకరు తప్పకుండా నవ్వుతారు, అందుకని రెండుసార్లు తీయండి.

7. క్రిటిక్‌లో నోరు కట్టేసుకోవడం

మొదటి సంవత్సరంలో నేను తొమ్మిది ప్రింట్లు గోడకు పెట్టాను. మూడు వారాల పని. మాస్టారు ఏమీ మాట్లాడకుండా వచ్చి, రెండు పిన్నులు పీకి ఒక ఫొటో తీసి బల్ల మీద పెట్టారు. తర్వాత ఇంకోటి. అలా ఐదు తీసేశారు. మిగిలిన నాలుగింటిని కాస్త దగ్గరగా జరిపి, వెనక్కి వచ్చి నిలబడి, "ఇప్పుడు చూడు" అన్నారు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు, కోపంతో. తీసేసిన వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఉంది. రాత్రి గదికి వెళ్లాక, ఆ ఇష్టమైన ఫొటో పక్కన ఉంటే మిగతా నాలుగూ దానికి కాపలా కాస్తున్నట్టు ఉన్నాయని అర్థమైంది.

మీ వంతు వచ్చినప్పుడు మొదటి ఐదు నిమిషాలు మాట్లాడకండి. "అసలు నేను చెప్పాలనుకున్నది ఏంటంటే" అని మొదలుపెట్టగానే అందరూ ఫొటోలు చూడటం మానేసి మిమ్మల్ని చూస్తారు. మీ మాటలు ఒక స్నేహితురాలికో స్నేహితుడికో రాయమని ఇవ్వండి. విమర్శ వింటున్నప్పుడు మన చెవి పనిచేయదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరో "ఈ మూల కొంచెం ఖాళీగా ఉంది" అంటే మనకు "నువ్వు పనికిరావు" అని వినిపిస్తుంది.

ఆ నోట్సు రెండు రోజులు తెరవకండి. తర్వాత మూడు రకాలుగా విడదీయండి: వెంటనే సరిచేయగలిగేవి, ఆలోచించాల్సినవి, విని కూడా ఒప్పుకోనివి. మూడో రకం ఉండాలి. అన్నీ ఒప్పుకునేవాడు చివరి సంవత్సరానికి మాస్టారికి నకలు అయిపోతాడు.

మీరు ఇంకొకరి పని గురించి మాట్లాడేటప్పుడు "బాగుంది", "బాలేదు" అనొద్దు. ముందు కనిపించేది చెప్పండి: "నా కన్ను మొదట తలుపు మీదికి వెళ్లింది, మనిషిని చివర్లో చూశాను." తీసినవాళ్లు అదే కోరుకున్నారో లేదో వాళ్లు తేల్చుకుంటారు.

8. చూడటానికి సమయం పెట్టుకోండి

ఫోటో చరిత్ర పేపరు పరీక్ష కోసం చదివితే తేదీల పట్టిక. పని కోసం చదివితే వేరు. 1839లో ఫ్రాన్స్‌లో డాగెర్ కనిపెట్టిన ఫొటో పద్ధతిని ప్రపంచానికి ప్రకటించాక, అదే సమయంలో తన సొంత పద్ధతి కనిపెట్టిన హిప్పొలీట్ బయార్డ్‌ను ఎవరూ పట్టించుకోలేదు. 1840లో ఆయన తననే నీట మునిగి చచ్చినవాడిలా ఫొటో తీసుకుని, వెనక తన గోడు రాశాడు. ఫొటోగ్రఫీ పుట్టిన ఏడాదికే ఫొటో అబద్ధం చెప్పింది. ఆ అబద్ధాన్ని నమ్మించింది పక్కనున్న రాత. క్యాప్షన్ రాసే ముందు నాకు ప్రతిసారీ ఆయనే గుర్తొస్తాడు.

సిరీస్ అంటే ఏంటో తెలియాలంటే జర్మనీకి చెందిన బెర్న్‌డ్, హిల్లా బెషర్ దంపతుల పని చూడండి. నీళ్ల ట్యాంకులు, కొలుములు, గని కట్టడాలు. మబ్బు పట్టిన ఆకాశం, ఎదురుగా నిలబడ్డ కెమెరా, అన్నీ ఒకే తీరు. ఒక్క ట్యాంకు బొమ్మ చూస్తే ఏమీ లేదు. తొమ్మిదింటిని పక్కపక్కన పెడితే ఒక్కోదానికి ఒక్కో స్వభావం కనిపిస్తుంది. బెర్న్‌డ్ 1976 నుంచి డ్యూసెల్‌డార్ఫ్ ఆర్ట్ అకాడమీలో పాఠాలు చెప్పాడు. ఆండ్రియాస్ గర్‌స్కీ, థామస్ స్ట్రూత్, కాండిడా హ్యోఫర్ ఆయన విద్యార్థులే. ముగ్గురి పనీ పక్కన పెట్టి చూస్తే, ఒకే మాస్టారి దగ్గర చదివి ఎలా విడిపోవచ్చో తెలుస్తుంది.

వారానికి ఒక పని ఎంచుకుని, ఇరవై నిమిషాలు దాన్నే చూసి, ఒక పేజీ రాయండి. ఫోన్‌లో వేలితో జరుపుతూ చూసిన రెండు వందల ఫొటోలు లెక్కలోకి రావు.

9. మనుషుల్ని తీసేటప్పుడు

అనుమతి ముందు అడగండి, కాగితం మీద తీసుకోండి, ఎక్కడ ప్రదర్శిస్తారో చెప్పండి. పిల్లలైతే పెద్దవాళ్ల సంతకం. ఆ తర్వాత ఎవరైనా మనసు మార్చుకుంటే ఆ ఫొటో తీసేయండి, అది మీ ఉత్తమమైనదైనా సరే. ప్రింట్ ఒకటి వాళ్లకు ఇవ్వడం మర్చిపోకండి. చాలామంది మర్చిపోతారు.

10. ఫైళ్లు పోగొట్టుకోకుండా

సెకనుకు 100 మెగాబిట్ల వీడియో గంటకు 45 గిగాబైట్లు తింటుంది. ఒక సెమిస్టర్‌కి ఎంతవుతుందో లెక్కేసుకోండి. మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, అందులో ఒకటి వేరే చోట. ఈ నియమం నాకూ తెలుసు. అయినా ఒకసారి రెండు హార్డ్‌డిస్కులూ ఒకే సంచిలో పెట్టుకుని తిరిగాను. సంచి పోయింది.

ఫైల్ పేరులో తేదీ ముందు పెట్టండి, సంవత్సరం, నెల, రోజు వరసలో. "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "నిజంగా ఫైనల్" అనే పేర్లతో ఎవరూ ఎప్పుడూ ఏదీ వెతుక్కోలేకపోయారు.

11. చివరి ప్రదర్శన

చివరి ప్రాజెక్టుకు పెద్ద విషయం వెతక్కండి. మళ్లీ మళ్లీ వెళ్లగలిగే చోటు వెతకండి. "ఒంటరితనం" తీయలేం. రాత్రి పదకొండు తర్వాత ఖాళీ అయ్యే ఒక బస్ స్టాండును ఏడాదిపాటు తీయొచ్చు. ప్రదర్శనకు మూడు నెలల ముందు షూటింగ్ ఆపేయండి. మిగతా కాలమంతా ఎంపికకు, వరసకు, ప్రింట్లకు. ఇది చెప్తే ఎవరూ వినరు, చివరి వారం దాకా తీస్తూనే ఉంటారు, తర్వాత రాత్రంతా మేలుకుని అన్నీ గోడకెక్కిస్తారు.

ప్రింట్లు వేలాడదీసేటప్పుడు పై అంచులు కలపడం కంటే మధ్య భాగాలు ఒకే ఎత్తులో ఉంచడం మేలు. నేల నుంచి సుమారు 145 నుంచి 150 సెంటీమీటర్లు. గదిని చిన్న అట్టతో నమూనా చేసుకుని, చీటీల సైజు ప్రింట్లు అందులో అంటించి చూడండి. అక్కడే ఇంకో రెండు ఫొటోలు తీసేస్తారు, రాసిపెట్టుకోండి.

వీడియోకు ముందు ఒక నిర్ణయం: టీవీ మీదా, ప్రొజెక్టర్‌తోనా? టీవీ ఒక వస్తువు, నేల మీద పెట్టొచ్చు, దాని ముందు కూర్చోవచ్చు. ప్రొజెక్షన్ గోడనే మార్చేస్తుంది, కానీ పగటి వెలుగు ఒక్క గీత లోపలికొచ్చినా నలుపు బూడిద అవుతుంది. పక్క విద్యార్థి వీడియో శబ్దం మీ గదిలోకి వస్తుందా అన్నది ముందే కలిసి తేల్చుకోండి, లేకపోతే స్నేహాలు చెడతాయి. హెడ్‌ఫోన్లు సులువైన పరిష్కారమే గానీ, గదిలో నలుగురు కలిసి వినే పనిని అవి ఒక్కొక్కరికి ముక్కలు చేస్తాయి.

లాప్‌టాప్‌తో నడపకండి. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి లాప్‌టాప్ అతిథులు వచ్చిన పది నిమిషాలకు నిద్రలోకి జారుకుంది. గోడంతా నీలంగా, మధ్యలో "సిగ్నల్ లేదు" అని వచ్చింది. ఇద్దరు అది కూడా పనిలో భాగమేననుకుని చేతులు కట్టుకుని శ్రద్ధగా చూశారు. కరెంటు రాగానే ఫైల్‌ను దానంతట అదే లూప్‌లో మొదలుపెట్టే చిన్న మీడియా ప్లేయర్ వాడండి. ప్రదర్శనకు వారం ముందే ఒక రోజంతా ఆపకుండా నడిపి, ప్రొజెక్టర్ వేడెక్కి ఆగుతోందేమో చూడండి. ప్రారంభం రోజు అందరికంటే అరగంట ముందు వెళ్లండి. మెయిన్ స్విచ్ ఆపి, పది లెక్కపెట్టి, మళ్లీ వేయండి. రిమోట్ ముట్టుకోకుండా మీ వీడియో మొదలైతే, తలుపు తీయొచ్చు.